లాగితే ఆగే కారు

దూరప్రాంత వాహన రవాణా ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,

అర్జీదారు: వ్యవసాయ పనిముట్లు అతికే వెల్డరు, పాలకేంద్రం ఎదుటి రేకుల షెడ్డు.

అయ్యా,

విషయం: నడిచే కారును నడవనిదిగా లెక్కగట్టి రవాణా ఖర్చు పెంచినందుకును, అందులోని చేతి రాడ్డును గ్యాసుతో కోయబోవుచున్నందుకును, సదరు కోత ఆపించవలసినదిగా కోరుట గురించి.

తమకు సవినయంగా విన్నవించుకొనునది. నేను పైన చెప్పిన షెడ్డులో నాగళ్లు, ట్రాలీలు, ఇనుప గేట్లు అతికే పని చేసుకొని బతుకుచున్నాను. మా అమ్మాయి పేరు మీద ఉన్న పాత చిన్న కారు ఒకటి, ఆమె ఉద్యోగం చేసిన నగరంలో, ఒక వాహన రవాణా కంపెనీ యార్డులో నిలిచిపోయి ఉన్నది. దానిని మా ఊరికి చేర్చమని మా అమ్మాయే స్వయంగా బుక్ చేసినది. ప్రస్తుతం ఆమె లేదు. వారసత్వ కాగితం నకలు జతపరిచాను. ఖర్చు విషయంలో కంపెనీ వారికీ మాకూ వచ్చిన పేచీని కింద నంబర్ల వారీగా రాస్తున్నాను.

నేను చదివింది తక్కువ. అర్జీ ఎలా రాయాలో మా బావమరిది చెప్పాడు. అతను పాల వ్యాను నడుపుతాడు. ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవం ఉన్నది. "ముందు దూరం రాయి, తర్వాత బరువు రాయి. ఏడుపు చివర్లో రాయి బావా, మొదట్లోనే రాస్తే చదవరు" అన్నాడు. ఆ ప్రకారమే రాయడానికి ప్రయత్నిస్తాను.

1. దూరము, దారి గురించి.

కారును లారీ మీద పంపితే ఎంత దూరమో దాన్నిబట్టి ఖర్చు వేస్తారు. ఇది న్యాయమే. అయితే ఇంతే దూరం ఉన్న వేరే ఊరికి తక్కువ చెప్పి, మా ఊరికి ఎక్కువ చెప్పారు. ఎందుకని, నేనూ మా బావమరిదీ యార్డుకు పోయినప్పుడు, కంపెనీ కౌంటరులోని అమ్మాయిని అడిగాను. ఆమె మర్యాదస్తురాలు. కుర్చీ చూపించి కూర్చోమన్నది.

"దూరం ఒక్కటే కాదు పెద్దాయనా, దారి కూడా చూస్తారు. ఆ ఊరికి రోజూ కార్లు పోతాయి, అక్కడి నుంచి రోజూ వస్తాయి. మీ వైపు నుంచి తిరిగి రావడానికి లారీకి ఏం దొరుకుతుంది చెప్పండి?"

"బర్రెలు దొరుకుతాయి" అన్నాడు మా బావమరిది.

ఆమె నవ్వింది. కార్ల లారీలో బర్రెలు ఎక్కవని, ఖాళీగా తిరిగొచ్చే ఖర్చు కూడా మామీదే పడుతుందని చెప్పింది. నాకు అర్థమైంది. మా షెడ్డుకు ఇనుము తెచ్చే బండివాడు కూడా అట్లాగే లెక్క కడతాడు. కాబట్టి ఈ అంశంలో ఫిర్యాదు లేదు.

ఒక్క సంగతి తమకు తెలియడం కోసం రాస్తున్నాను. ఇదే దారిలో ఈ కారు పోయేటప్పుడు పెట్రోలు తప్ప వేరే ఖర్చు కాలేదు. మా అమ్మాయే తోలుకుంటూ పోయినది. తోడుగా నా భార్య పక్క సీటులో కూర్చున్నది. నా భార్యకు బండి నడపడం రాదు. అయినా దారి పొడవునా మలుపు వచ్చినా, గేదె వచ్చినా, ఎదురుగా లారీ వచ్చినా "లాగు, లాగు" అని చెప్తూనే ఉన్నదట. "లాగానమ్మా, నువ్వు అనకముందే లాగాను. ఆ ఎదురొచ్చే లారీవాడికి కూడా నువ్వే చెప్పేట్టున్నావు" అని మా అమ్మాయి విసుక్కున్నదట. లాగు అంటే ఆపు అని వారిద్దరి భాష. ఎందుకో 5లో రాస్తాను. నా భార్య అక్కడ దిగబెట్టి రైల్లో ఒక్కతే వెనక్కి వచ్చింది. ఆ అలవాటు మాత్రం పోలేదు. తర్వాత మా బావమరిది పాల వ్యాను ఎక్కినా స్పీడు బ్రేకరు కనబడితే "లాగు" అనేది. "అక్కా, నాది తొక్కే బండే" అనేవాడు.

2. సైజు, బరువు, కప్పు గురించి.

కారు పొడవు, ఎత్తు, బరువు చూసి ఖర్చు వేస్తారు. మా కారు చిన్నది. లారీలో పైవరసలో మూలకు సరిపోతుందని, అందుకని తక్కువ రేటు వేశామని మొదట చెప్పారు. మూసిన లారీ అయితే ఒక రేటు, మూత లేనిదైతే ఒక రేటు. మా అమ్మాయి మూత లేనిదే ఎంచుకున్నది. దారిలో వాన పడితే అని నేను ఫోనులో అడిగాను. "తడిస్తే తడుస్తుంది నాన్నా, ఉప్పా కరిగిపోవడానికి?" అన్నది.

తర్వాత పంపిన కాగితంలో మాత్రం "అదనపు అమరికల బరువు" అని ఒక పద్దు కలిపారు. ఆ అమరిక ఒక రాడ్డు, ఒక రేకు. ఆ ఇనుము ఎంతో నాకు తెలుసు, నేనే పెట్టాను. మా అమ్మాయి చంక కర్రలు రెండూ కలిపి తూచినా అంతకంటే ఎక్కువే తూగుతాయి. ఈ పద్దు అన్యాయమని మనవి.

3. ఇంటి దగ్గర ఎక్కించుకొనుట, యార్డులో అప్పగించుట గురించి.

కంపెనీ వారు ఇంటికి వచ్చి కారు తీసుకెళ్తే దానికి వేరే రుసుము. మనమే యార్డుకు తెచ్చి ఇస్తే ఆ రుసుము ఉండదు. మా అమ్మాయి యార్డుకు తెచ్చి ఇచ్చినది.

అప్పటికి ఆమెకు జ్వరం. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, ఆస్పత్రిలో చేరమని డాక్టరు చెప్పాడు. ఆమె ఆస్పత్రికి పోయే దారిలో ముందు యార్డుకు పోయినది. తాళాలు ఇచ్చి, సంతకం పెట్టి, అక్కడి నుంచి అద్దె బండి పిలిపించుకొని ఆస్పత్రికి పోయినది. ఆస్పత్రిలో కారు పెట్టుకుంటే రోజు అద్దె దండగ అని, నయమయ్యాక తాను రైల్లో వస్తానని, కారు లారీలో వస్తుందని ఆమె ఏర్పాటు. "నేను టికెట్టు కొనుక్కుని కూర్చుని వస్తాను. అది మహారాణిలా లారీ ఎక్కి పడుకుని వస్తుంది" అన్నది నాతో. మాట మధ్యలో దగ్గు వచ్చింది. దుమ్ము అన్నది.

యార్డు గేటు దగ్గర ఉండే కాపలాదారు ఆ రోజు ఆమెను చూశాడు. మేము పోయినప్పుడు అతనే దగ్గరికి వచ్చి చెప్పాడు.

"ఆ అమ్మాయే తోలుకొచ్చిందండీ. గోడ పక్కన రెండు కార్ల మధ్య ఇరుకులో పెట్టింది, అద్దాలకు జాన దూరం లేదు. మా వాళ్లయితే మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించేవాళ్లు. పెట్టాక కాసేపు స్టీరింగు మీద తల వాల్చింది. మంచినీళ్లు ఇవ్వమంటారా అమ్మా అంటే, ఇవ్వు బాబాయ్ అంది."

ఈ సాక్ష్యాన్ని తమరు నమోదు చేసుకొనవలెనని ప్రార్థన. నడవని కారు రెండు కార్ల మధ్య ఇరుకులో తనంత తానుగా పోయి నిలబడదు.

4. తేదీ గురించి.

ఫలానా రోజునే పంపాలి అంటే రేటు ఎక్కువ. మీకు వీలు కుదిరినప్పుడు, లారీలో చోటు దొరికినప్పుడు పంపండి అంటే తక్కువ. మా అమ్మాయి రెండోది ఎంచుకున్నది. తొందరేముంది, ఎటూ తాను ఆస్పత్రిలో ఉంటాను గదా అన్నది. పైగా అది జనం ఉద్యోగాలు మారే కాలం, సామాన్లు, కార్లు అటూఇటూ పోయే కాలం. ఆ నెలల్లో లారీలకు గిరాకీ, రేట్లూ ఎక్కువేనట.

లారీలో చోటు దొరికిందని కంపెనీ వారు మా అమ్మాయి ఫోనుకు చేసినప్పుడు మా ఇంటి నిండా జనం ఉన్నారు. అప్పటికే మేము వెళ్లి ఆమెను తీసుకొచ్చేశాము. ఫోనులో అమ్మాయి ఎవరో, "మేడం గారేనా? గుడ్ న్యూస్, మీ కారు రేపు ఎక్కుతుంది" అన్నది. నేను సరేనమ్మా అన్నాను. ఈ అంశంలో కూడా ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

5. నడుచుట, నడవకుండుట గురించి.

అసలు పేచీ ఇదే. ఓపికగా చదవవలెను.

అన్నిటికంటే ఖర్చును పెంచేది ఇదేనని కౌంటరులోని అమ్మాయి చెప్పినది. నడిచే కారైతే ఒక మనిషి కూర్చుని ర్యాంపు మీదుగా లారీలోకి ఎక్కించేస్తాడు. నడవనిదైతే తాడు కట్టి లాగే యంత్రం ఉన్న లారీ కావాలి, ఎక్కువమంది మనుషులు కావాలి, దిగేచోట క్రేను కావాలి. అటువంటి లారీ మా వైపు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. రేటు చెప్పారు. ఆ డబ్బుతో అటువంటి కారు ఇంకొకటి కొనుక్కోవచ్చు.

బుక్ చేసేటప్పుడు "వాహనం నడుచునా" అన్నచోట మా అమ్మాయి "నడుచును" అని రాసినది. కారు లారీ ఎక్కనని అడ్డం తిరిగాక కంపెనీ వారు పంపిన నోటీసులో "బుక్ చేసినవారు అసత్య ప్రకటన చేసియున్నారు" అని ఉన్నది. మా అమ్మాయి అసలు అబద్ధమే ఆడి ఎరగదని నేను అనను. చిన్నప్పుడు పలక పగలగొట్టి ఎద్దు తొక్కిందని చెప్పింది. ఈ విషయంలో మాత్రం ఆడలేదు. ఎట్లాగో వివరిస్తాను.

పసితనంలో వచ్చిన జ్వరానికి ఆమెకు రెండు కాళ్లూ పడిపోయాయి. చేతులు మాత్రం గట్టివి. మేము పొలానికి ఎద్దుల బండి మీద పోయేవాళ్లం. పిల్ల ఏడవకుండా ఉంటుందని ముందు కూర్చోబెట్టుకుని పగ్గాలు చేతికిచ్చేవాణ్ణి. బడికి పోయే ఈడు వచ్చేసరికి బండి ఆమే తోలేది. నేను వెనక పడుకునేవాణ్ణి. వీధిలో వాళ్లు సారథమ్మ అని పేరు పెట్టారు. ఎవరన్నా అట్లా పిలిస్తే "ఎక్కు, ఛార్జీ ఇయ్యి" అనేది.

చదువు అయ్యి, లెక్కలు రాసే ఉద్యోగం వచ్చాక, గేర్లు మార్చే పనిలేని పాత కారు ఒకటి కొన్నది. కాళ్లు లేనివాళ్ల కోసం చేతితో నడిపే రాడ్డు తయారుగా దొరుకుతుందని, దాన్ని ముందుకు నెడితే కారు ఆగుతుందని, వెనక్కి లాగితే పోతుందని మెకానిక్కు చెప్పాడు. మా అమ్మాయి ఒప్పుకోలేదు.

"లాగితే పోవడమేంది నాన్నా? లాగితే ఆగాలి గదా."

"లోకమంతా అట్లాగే పెట్టుకుంటారంటమ్మా."

"లోకం ఎద్దుల్ని తోలిందా? నాకు భయమేస్తే చెయ్యి వెనక్కే పోతుంది. అప్పుడు కారు ముందుకు దూకితే నీదే పూచీ."

నాకు సబబుగానే తోచింది. రాడ్డు నేనే చేశాను. లాగితే ఆగేట్టు, నెడితే పోయేట్టు పెట్టాను. ఆమె పాదాలు పెడళ్ల కింద ఇరుక్కోకుండా వాటికి అడ్డంగా ఒక రేకు పెట్టాను. రెండింటినీ బోల్టులతో బిగించలేదు. బోల్టు అదురుకు వదులవుతుంది, అతుకు కాదు. తమ శాఖకు చెందిన తనిఖీ అధికారి గారు మా ఊరికి వచ్చి, ఆమె పక్కన కూర్చుని, చెరకు తోటల దాకా పోయి వచ్చి, బాగున్నదని కాగితం రాసిచ్చారు. నకలు జతపరిచాను. దిగినాక వారు వంగి నా అతుకు చూసి, "పని బాగుంది గానీ, బోల్టులు పెట్టాల్సిందయ్యా. రేపు విప్పాలంటే ఎట్లా?" అని అడిగారు.

"విప్పం సార్" అన్నాను.

యార్డులో కారు ఎక్కించే డ్రైవరు రాడ్డును, రేకును చూసి నావల్ల కాదన్నాడు. కంపెనీ వారు చేతి కార్లు నడపడం తెలిసిన డ్రైవరును ప్రత్యేకంగా పిలిపించారు. అతనికి లోకంలో ఉండే పద్ధతి తెలుసు. స్టార్టు చేశాడు, కారు దానంతటదే మెల్లగా కదిలింది, ర్యాంపు మొదట్లో ఆపుదామని ముందుకు నెట్టాడు. కారు ముందుకు దూకి స్తంభానికి కొట్టుకున్నది. ముందు దీపం ఒకటి పగిలింది. మనిషికి ఏమీ కాలేదు, అది సంతోషం. ఇందులో అతని తప్పు లేదు, అతని చేతికి నేర్పింది అతను చేశాడు. మా అమ్మాయి తప్పు కూడా లేదు. కారు నడిచింది. నడిచింది కాబట్టే స్తంభానికి తగిలింది.

ఆ రోజే కంపెనీ వారు నడవని వాహనమని రాశారు.

6. కోత గురించి.

నేను, మా బావమరిది రైలెక్కి యార్డుకు పోయాము. కారును తోసి మళ్లీ గోడ పక్కనే పెట్టారు. దుమ్ము పట్టి ఉన్నది. లోపల సీటు మీద ఆమె ఎత్తుకోసం వేసుకునే దిండు అట్లాగే ఉన్నది. రాడ్డు పిడికి నేను సైకిలు ట్యూబు చుట్టాను, అది చెయ్యి పట్టుకునేచోట అరిగి నున్నగా అయ్యింది. వేళ్లు పడేచోట పల్లాలు పడ్డాయి. నేను దానిమీద చెయ్యి వెయ్యలేదు.

యార్డు సూపర్వైజరు వయసులో చిన్నవాడు. చెడ్డవాడు కాదు. చేతిలో ఫోను మోగుతూనే ఉన్నది.

"ఇందులో కష్టమేం లేదండీ. గ్యాసు కట్టరు పెడితే గంట పని. ఆ రాడ్డు, రేకు తీసేస్తే మామూలు కారే గదా. మా వాళ్లకు కాళ్లున్నాయి, కాళ్లతో ఎక్కించేస్తారు. మీకు మామూలు రేటే పడుతుంది. మీ మంచికే చెబుతున్నా."

"కాళ్లు లేని పిల్ల తోలుకొచ్చి ఇరుకులో పెట్టింది" అన్నాడు మా బావమరిది. "కాళ్లున్నోళ్లు ఇంతమంది కలిసి స్తంభానికి కొట్టారు. నడవంది బండా బాబూ, మీరా?"

"అన్నా, అట్లా మాట్లాడితే ఎట్లా?"

"ఇంకెట్లా మాట్లాడాలి? మా కోడల్ని అబద్ధాలకోరు అని కాగితం మీద రాసి పంపారు."

మా బావమరిది కొడుకుకు మా అమ్మాయిని ఇవ్వాలని ఎప్పుడో అనుకున్న మాట లేదు. మేనకోడలు కాబట్టి కోడలు అంటాడు. అంటూ అంటూ అతను అక్కడే ఒక టైరు మీద కూర్చున్నాడు. అర్జీలో ఏడుపు చివర రాయమన్నవాడు.

నేను సూపర్వైజరుతో అన్నాను, "బాబూ, ఆ రాడ్డు నాకు తెలుసు. నేను ఎక్కిస్తాను. ర్యాంపు ఎంత పొడుగుందో అంతే. మీరంతా పక్కకు జరగండి."

"కుదరదు పెద్దాయనా. బయటివాళ్లు ర్యాంపు మీద బండి తోలితే బీమా వర్తించదు. మీరు పడ్డా, బండి పడ్డా, కింది వరస కార్ల మీద పడ్డా నా ఉద్యోగం పోతుంది. పై ఆఫీసరు ఎవరైనా రాసిస్తే నాకేం అభ్యంతరం లేదు. ఫిర్యాదుల అధికారి రాసిచ్చినా చాలు."

తమ చిరునామా అతనే ఇచ్చాడు. నెలాఖరు దాకా ఆగుతామని, ఆ తర్వాత యార్డులో చోటు కోసం తామే కోయించి మామూలు లారీలో పంపేస్తామని, కోత ఖర్చు కూడా మా లెక్కలోనే వేస్తామని నోటీసు చేతికిచ్చాడు. అతను చెప్పినదాంట్లో నిబంధనల ప్రకారం తప్పు నాకు కనబడలేదు.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. కోస్తే ఖర్చు బాగా తగ్గుతుందట అని కూడా చెప్పాను, దాచకుండా. ఆమె గిన్నెలు తోముతున్నది. తలెత్తలేదు.

"కోసేట్టయితే తేవద్దు" అన్నది.

ఇరుగుపొరుగువారు అడుగుతున్నారు, ఇంత ఖర్చుపెట్టి తెస్తే ఎవరు తోలతారు, షెడ్డు పక్కన పెట్టుకుని చూసుకోవడానికా అని. ఆ ప్రశ్న అధికారులు అడగరు కాబట్టి రాయనక్కర్లేదని మా బావమరిది చెప్పాడు. అయినా అడిగితే చెప్పలేనని ముందే తెలియజేయడం మంచిదని రాశాను.

అతుకు పెట్టినవాడిగా మరొక మాట. నేను ఎన్నో కోశాను. ట్రాక్టరు బోల్తాపడి మనిషి ఇరుక్కుంటే పరిగెత్తుకుపోయి ఇనుము కోసింది నేనే. కోయడం తప్పని నేననను. ఈ ఒక్క అతుకు మాత్రం ఊడకూడదని పెట్టాను. ఎన్నడూ పెట్టనంత మందంగా పెట్టాను. వాళ్లు అనుకున్నట్టు గంటలో తెగదు.

7. ప్రార్థన.

కావున తమరు దయతో విచారించి, సదరు కారులోని రాడ్డును, రేకును కోయరాదని కంపెనీ వారికి ఉత్తరువు ఇవ్వవలెను. ఆ కారును యార్డు గోడ నుంచి ర్యాంపు మీదుగా లారీ పైవరసలోకి ఎక్కించుటకు ఒక మనిషిని, అనగా నన్ను, అనుమతించవలెను. యార్డులో ఎవరూ లేని సమయం వారే చెప్పవచ్చును. కింది వరసలో కార్లు పెట్టకముందే నాది ఎక్కిస్తాను, పడితే నేనే పడతాను. ఆ మేరకు సంతకం పెట్టి ఇస్తాను. దిగేచోట కూడా నేనే దించుకుంటాను. నాకు ట్రాక్టరు లైసెన్సు ఉన్నది. సదరు కారును తోలిన అనుభవం ఒకసారి కలదు.

నేను ఎక్కించి చూపిన పక్షంలో, కారు నడిచినట్టే గనుక, నడిచే కారు రేటు వేయించవలెను. నోటీసులో "అసత్య ప్రకటన" అన్న రెండు మాటలను కొట్టివేయించవలెను. రేటు తగ్గించడం వారికి కష్టమైతే మాటలు కొట్టివేసినా చాలును.

గడువు దగ్గర పడుచున్నది. పనుల ఒత్తిడిలో కూడా ఈ నాలుగు కాగితాలను తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆ రాడ్డు అతికినవాడు.

తా.క. పోస్టు చేసే ముందు మా బావమరిది పై అర్జీని ఇంట్లో పైకి చదివాడు. నా భార్య గుమ్మం దగ్గర కూర్చుని విన్నది. "తోలిన అనుభవం ఒకసారి కలదు" అన్నచోట చెయ్యెత్తి ఆపింది.

"గడ్డివామి సంగతి రాయలేదేం?" అన్నది.

నిజమే, రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. రాడ్డు అతికిన రోజు కళ్లంలో మొదట నేనే తోలి చూశాను. ఆపాల్సి వచ్చినప్పుడు నా చెయ్యి కదల్లేదు, ట్రాక్టరు అలవాటుకు కాలే ముందు పోయింది. నేనే అడ్డం పెట్టిన రేకును నేనే బలంగా తొక్కాను. కారు గడ్డివామిలోకి సగం దాకా దూరిపోయింది. మా అమ్మాయి బండి మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. "నీకు కాళ్లుండటమే కష్టమొచ్చి పడింది నాన్నా" అన్నది. ఆ తర్వాత నన్ను ఆ సీట్లో కూర్చోనివ్వలేదు.

"ర్యాంపు మీద కూడా నీకు కాలే పోతుందయ్యా" అన్నది నా భార్య. "నీ సంగతి నాకు తెల్వదా?"

"మరి ఏం చేయమంటావు?"

"పక్కన నేను కూర్చుంటా. ఆ సీటు నాకు అలవాటే. నేను లాగు అన్నప్పుడు లాగు."

అమ్మాయి పోయిన దగ్గర్నుంచి నా భార్య ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే. మా బావమరిది కాగితాలు కింద పెట్టి బయటికి పోయాడు. వ్యాను కడగాలన్నాడు. వ్యాను పొద్దున్నే కడిగాడు.

ఖర్చు గురించి పైన రాసినదంతా తమరు తీసివేసినా మాకు అభ్యంతరం లేదు. 7లో ర్యాంపు మీదికి ఒక మనిషిని అనుమతించవలెను అని రాసినచోట మాత్రం, ఇద్దరిని అని దిద్దుకొనవలెను.